పాట పెట్టె కన్నా ముందు చెవులు

పోయిన నెల పీఎఫ్ కాయితాల సంగతి రాసిన. చాలామంది ఫోన్లు చేసి అడిగిన్రు, సంతోషం. ఈ నెల వేరే ముచ్చట. నాకు రెండు చీటీలు అందినయి. రెండూ ఒకటే సంగతి మీద, కాని రెండు దిక్కుల నుంచి.

ఒకటి ఒక తల్లి రాయించింది. ‘‘అన్నా, మా పెద్దోడు సాంచెల మీద పని చేస్తడు. రెండు నెలల పగారు పెట్టి చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోన్, దాని ఎంబడి అగ్గిపెట్టె అంత డబ్బా కొన్నడు. డబ్బా ఏందిరా అంటే డాక్ అంటడు. ఇప్పుడు స్పీకర్లు కొంటనంటున్నడు. వానికి పిచ్చి పట్టిందా ఏంది? జర రాయండి.’’

రెండోది ఒక పిలగాడు రాసిండు. ‘‘తాతా, మేము తాగుతలేము, పేకాట ఆడుతలేము. మంచి సౌండుతోని పాటలు వింటున్నం, అంతే. దానికి కూడ ఇంట్ల తిడ్తున్నరు. మీరన్న పెద్దోళ్లకు సమ్జాయించండి.’’

ఇద్దరికి ఒక్కటే జవాబు రాస్తున్న. ఇద్దరూ మొత్తం చదవాలె. ముందు పెద్దోళ్లకు రెండు మాటలు, తర్వాత పిల్లలకు.

పెద్దోళ్లారా, ఈ షోకు పిల్లలు కొత్తగ తెచ్చింది కాదు, మనదే. గిర్నీలు నడిచిన రోజులల్ల దీపావళి బోనస్ చేతికి రాంగనే ఏం కొన్నం? బంగారం కొన్నోళ్లు కొన్నరు, కాని ప్రతి గల్లీలో ఒకరిద్దరు మర్ఫీ రేడియోనో ఫిలిప్స్ రేడియోనో ఎత్తుకొచ్చిన్రు. దానికి ఏటేటా పోస్టాఫీసుకు పోయి లైసెన్సు కట్టిన్రు. స్విచ్ వేస్తే వెంటనే పలికేది కాదు, లోపటి వాల్వులు వేడెక్కాలె. అంతసేపు పది మంది దాని ముందర కూసొని ఎదురు చూసేది. మనం ఉన్నది మరాఠీ ఊరు. తెలుగు పాట కావాలంటే రేడియో సిలోన్ పట్టాలె, లేకుంటే రాత్రిపూట హైదరాబాద్ స్టేషన్ కోసం ముల్లు తిప్పాలె. పాట అలల మీద వచ్చినట్టు దగ్గరికొచ్చి దూరం పోయేది. అయినా చెవి అక్కడనే పెట్టి వినేటోళ్లం.

తర్వాత రికార్డు ప్లేయర్లు, ఆ తర్వాత టేపు రికార్డర్లు వచ్చినయి. ఘంటసాల 1974లో పోయిండు, కాని ఆయన భగవద్గీత రికార్డు ఆ తర్వాత కూడ ఏండ్లకేండ్లు మన గల్లీలల్ల పొద్దుగాల మోగింది. టేపు రికార్డర్ స్పీకర్ ఊడదీసి మట్టి కుండ మూతి మీద పెట్టినోళ్లు ఎంతమంది లేరు? ఎందుకు పెట్టిన్రు? లావు సౌండు రావాలని. ఇయ్యాల పిలగాడు ‘బాస్’ అనేది దాన్నే. కుండ పోయి చెక్కపెట్టె వచ్చింది, అంత మాత్రమే తేడా.

కాబట్టి పిచ్చి అనకండి. మంచి నూలుకు, చెత్త నూలుకు తేడా వేలి కొసతోని చెప్పేటోళ్ల పిల్లలు మనోళ్లు. ఆ తేడా చెవితోని వెతుకుతున్నరు.

ఇగ ఆ డబ్బా సంగతి. ఫోనులో పాట అంకెల రూపంలో దాచి ఉంటది. ఆ అంకెలను కరెంటు అలలుగ మార్చేదే డాక్. ప్రతి ఫోనులో చిన్నది ఒకటి ఉండనే ఉంటది. బయట కొనేది దాని కన్నా నాణెంగ చేసింది. ఆ అల చాలా సన్నగ ఉంటది, దాన్ని పెంచేది యాంప్లిఫయర్. పెరిగిన కరెంటుతోని స్పీకర్ తన కోన్‌ను ముందుకు ఎనకకు ఊపుతది, గాలి కదుల్తది, మన చెవికి పాట అయితది. పెద్ద కోన్ లావు శబ్దానికి, చిన్నది సన్న శబ్దానికి. తబలా డగ్గా పెద్దదాంట్ల, తాళాలు గజ్జెలు చిన్నదాంట్ల.

సీడీలు 1982లో మొదలైనయి. సీడీ మీద ఒక్క సెకను పాటను 44,100 సార్లు కొలిచి రాస్తరు. మన లెక్కలో చెప్పాలంటే అంగుళానికి ఎన్ని పోగులు అన్నట్టు. ఎంపీ3 పాటలో జాగ తగ్గించేటందుకు, చెవికి అంతగ తెల్వని పోగులు తీసేస్తరు. కొన్ని తీస్తే గుడ్డ గుడ్డలాగనే ఉంటది. మస్తు తీస్తే జాలి అయితది, తాళాల సప్పుడు ఇసుక పోసినట్టు ఇనిపిస్తది. పిల్లలు ‘లాస్‌లెస్’ అంటరు చూడండి, అంటే ఒక్క పోగు కూడ తియ్యని పాట.

మరి పోగులు పెంచుకుంట పోతే ఇంకా మంచిగుంటదా? ఇక్కడ పిల్లలు జర ఆగాలె. పడుచు వయసులో మంచి చెవి సెకనుకు 20 కంపనాల కాడ నుంచి 20,000 దాక వింటది. వయసు మీద పడుతుంటే పై దిక్కు నుంచి తగ్గుకుంట వస్తది. 20,000 దాక పట్టుకునేటందుకు దానికి రెండింతల కన్నా కొంచెం ఎక్కువ సార్లు కొలిస్తే సరి. అందుకే 44,100. అంటే సీడీ లెక్కనే మనిషి చెవికి నిండుగ సరిపోతది. డబ్బా మీద 96, 192 అని పెద్ద అంకెలు రాసి రెండింతల ధర పెడితే, ఆ పైన వచ్చిన పోగులు గబ్బిలానికి పనికొస్తయేమో గని మనకు కాదు.

పైసలు ఎక్కడ పెట్టాలె అంటే నేను చెప్పేది ఇది. మొదటిది స్పీకర్, లేకుంటే హెడ్‌ఫోన్. సౌండులో ఎక్కువ తేడా అక్కడనే వస్తది. రెండోది అర్ర. మన ఇండ్లు సిమెంటు గోడలు, షాబాద్ బండలు. చప్పట్లు కొడితే ఖంగుమంటది. అట్లాంటి అర్రలో లక్ష రూపాయల స్పీకర్ పెట్టినా గుడి మండపంలో మైకు పెట్టినట్టే. దీనికి మందు మన ఇంట్లనే ఉన్నది. మందమైన సోలాపూర్ చాదర్లు ఎదురు గోడకు వేలాడదీయండి, కింద సతరంజి పరవండి. ఒకటి కాదు, రెండు మడతలుగ, గోడకు నాలుగు వేళ్ల ఎడం ఇచ్చి కట్టండి. సన్న శబ్దం గోడను తాకి తిరిగి రాకుండ గుడ్డ మింగుతది. లావు శబ్దాన్ని గుడ్డ ఆపలేదు; దానికి స్పీకర్‌ను మూల నుంచి బయటికి జరపాలె. మూలన పెడితే గుమ్ముగుమ్ముమంటది. రెండు స్పీకర్లు, కూసొనే మనిషి, మూడు సమానమైన దూరంలో, సన్న స్పీకర్ చెవి ఎత్తులో. దీనికి ఒక్క పైస ఖర్చు లేదు.

మూడోది యాంప్లిఫయర్. చివరగ వైర్లు. మామూలు రాగి వైరు, కొంచెం మందంది, సరిపోతది. బంగారు పూత అని, పాము లెక్క అల్లిన వైరు అని వేలకు వేలు అడిగితే దండం పెట్టి బయటికి రండి.

పాతయి కొనుక్కున్నా తప్పు లేదు. ముంబై లామింగ్టన్ రోడ్డుకు పోతే కొత్త సామాను దొరుకుతది, రిపేరు చేసేటోళ్లు దొరుకుతరు. కలకత్తాలో తయారైన పాత సోనోడైన్ సెట్ల లాంటివి ఇప్పటికీ చేతులు మారుతున్నయి. పాత స్పీకర్ కొంటే కోన్ చుట్టూ ఉన్న నురుగు అంచును మెల్లగ వేలితోని ఒత్తి చూడాలె. పొడి రాలితే అంచు చచ్చింది, కొత్తది అతికించాలె, ఆ ఖర్చు ధరలో తగ్గించుమని అడగాలె. యాంప్లిఫయర్ అయితే పాట పెట్టకుండ ఆన్ చేసి హమ్మని వస్తుందా చూడాలె, బటన్ తిప్పితే గరగర అంటుందా చూడాలె. రెండు దిక్కులు సమానంగ పలకాలె.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా. ఇది రాసేటందుకే ఈ నెల కలం పట్టిన.

మా గల్లీలో ఒక పిలగాడున్నడు. 24 ఏండ్లు. రోజుకు పన్నెండు గంటల పాళీ. ఏడాది పాటు భిశీ కట్టి మంచి హెడ్‌ఫోన్ కొన్నడు. నెల దాటంగనే నా దగ్గరికొచ్చి, ‘‘తాతా, ఇది బాలేదు. సౌండు మీద గుడ్డ కప్పినట్టున్నది. అమ్మేసి ఇంకో పది వేలు కలిపి పెద్దది తీస్కుంట’’ అన్నడు. ‘‘ఎప్పుడు వింటున్నవు కొడుకా?’’ అని అడిగిన. ‘‘ఎప్పుడేంది, పాళీ దిగినంక రాత్రి.’’ ‘‘ఒక పని చెయ్యి. సుట్టీ రోజు పొద్దుగాల లేవంగనే, షెడ్డు మొకం చూడకముందు, అదే పాట, అంతే సౌండు పెట్టి విను.’’

సుట్టీ రోజు పదింటికి వచ్చిండు. మొకం చిన్నగయింది. ‘‘తాతా, హెడ్‌ఫోన్ మంచిగనే ఉన్నది’’ అన్నడు.

సమజయింది కదా. గుడ్డ కప్పింది హెడ్‌ఫోన్ మీద కాదు, చెవి మీద. పాళీ దిగినంక మనందరికి చెవులల్ల గుయ్యిమంటది, ఇంట్లోళ్ల మాట దూరం నుంచి వచ్చినట్టు ఉంటది. పొద్దున్నకు సాఫ్ అయితది. అయింది కదా అని మర్చిపోతం. కాని ప్రతిసారి పూరా సాఫ్ కాదు. కొంచెం కొంచెం లోపట మిగులుతది.

చెవి లోపట నత్తగుల్ల లాంటిది ఒకటుంటది. దాంట్ల కంటికి కానరాని సన్న వెంట్రుకల కణాలు, ఒక్కో చెవికి పదిహేను వేల దాక. శబ్దం వాటిని ఊపితేనే మనకు వినపడ్తది. పెద్ద శబ్దం రోజూ కొడితే అవి వంగి, విరిగి చస్తయి. సాంచె మీద పోగు తెగితే ఆపి ముడి వేస్తం, మళ్ల నడుస్తది. ఈ పోగు తెగితే ముడి లేదు. మనిషికి అది మళ్ల మొలవదు. మందు లేదు.

లెక్క చెప్తా వినండి. శబ్దాన్ని డెసిబెల్‌లల్ల కొలుస్తరు. మామూలుగ ఇద్దరు మాట్లాడుకుంటే 60. చెవికి నష్టం లేకుండ రోజుకు 8 గంటలు ఉండగలిగేది 85 దాక అని పెద్ద పెద్ద డాక్టర్లు ఒప్పుకున్న లెక్క. ఆ పైన 3 పెరిగితే టైము సగం తగ్గించాలె. 88కి నాలుగు గంటలు, 91కి రెండు, 94కి ఒక గంట, 97కి అరగంట, 100కి పావుగంట. మన షటిల్ సాంచెల షెడ్డులో మామూలుగనే 95 దాటుతది, చానా చోట్ల 100 దాక పోతది. పావుగంట ఉండాల్సిన చోట పన్నెండు గంటలు ఉంటున్నం.

ముందు పోయేది 4000 కంపనాల దగ్గర. అక్కడనే స, ష, చ, త లాంటి అక్షరాల సన్న సప్పుడు ఉంటది. అందుకే నా అసొంటోళ్లకు మాట వినపడ్తది గని ఏమన్నరో తెల్వది. నేను 34 ఏండ్లు షెడ్డులో చేసిన. నా భార్య ఎదురుంగ నిలబడి మాట్లాడితే పెదాలు చూసి జవాబు చెప్తా; వంటింట్లకెళ్లి పిలిస్తే పిలిచింది తెలుస్తది, అంతే. మనుమరాలు ఫోనులో చెప్పే ముచ్చట సగం ఊహించుకొని నవ్వుతా. మనింటి ముసలోళ్లు టీవీ సౌండు ఎందుకు పెంచుతరో, పెండ్లిళ్లల్ల మూలకు ఎందుకు కూసుంటరో ఇప్పుడు పిల్లలకు సమజు కావాలె. అది మొండితనం కాదు.

ఆ పిలగానికి చెవి పరీక్ష చేయించినం. కాయితం మీద గీత సక్కగ వచ్చి 4000 దగ్గర గుంటలో పడ్డట్టు కిందికి దిగింది. 24 ఏండ్లకు. ఇంకా చిన్న గుంటనే, ఇప్పుడు ఆపితే అక్కడనే ఆగుతదని డాక్టరమ్మ చెప్పింది. ఆ గుంట ఉన్న చెవికి పది వేల హెడ్‌ఫోన్ అయినా లక్ష రూపాయల హెడ్‌ఫోన్ అయినా ఒకటే.

అందుకే బిడ్డలారా, మీ సెట్‌లో అన్నిటికన్నా ఖరీదైన సామాను మీ దగ్గర పుట్టుకతోనే ఉన్నది. దాన్ని మార్చలేరు, సెకండ్‌హ్యాండ్ దొరకదు. ముందు దాన్ని కాపాడుకొని తర్వాత మిగతాయి కొనండి.

ఎట్ల అంటే, మొదలు నురుగు చెవి బిరడాలు. ఇయర్ ప్లగ్ అంటరు. మందుల దుకాణంలోనో, హార్డ్‌వేర్ దుకాణంలోనో చాయ్ బిస్కెట్ పైసలకు జత దొరుకుతది. వేళ్లతోని సన్నగ చుట్టి, ఇంకో చేతితోని చెవి పైకి ఎనకకు గుంజి, లోపలికి పెట్టి, అది ఉబ్బే దాక వేలితోని ఒత్తి పట్టాలె. సగం బయట వేలాడితే పెట్టనట్టే లెక్క. సరిగ్గ పెడితే 20 డెసిబెల్‌ల దాక తగ్గిస్తది. మా కాలంలో నూలు వేస్టు ముద్ద చేసి చెవులల్ల కుక్కుకునేది; దూది, నూలు శబ్దాన్ని పెద్దగ ఆపవు. ‘‘బిరడా పెడితే పోగు తెగిన సప్పుడు ఎట్ల తెలుస్తది?’’ అని అడుగుతరు. నాలుగు రోజులు అలవాటు కానీయండి. సప్పుడు మొత్తం తగ్గుతది, సాంచె లయ తప్పితే అప్పుడు కూడ తెలుస్తది.

రెండోది, షెడ్డులో చెవులల్ల ఇయర్‌బడ్స్ పెట్టుకొని పాటలు వినుడు బందు చేయండి. ఇప్పుడు ప్రతి షెడ్డులో ఇదే చూస్తున్న. సాంచె 95 కొడుతుంటే దాని మీద పాట వినాలంటే పాట అంతకన్నా గట్టిగ పెట్టాలె. చెవికి రెండు దెబ్బలు. చుట్టు సప్పుడు తగ్గించే కొత్త రకం ఇయర్‌బడ్స్ కూడ బస్సుకు, రైలుకు చేసినయే, సాంచెల షెడ్డులో బిరడాకు బదులు కావు.

మూడోది, ఇంట్ల వినేది కూడ లెక్క పెట్టుకోండి. 80 డెసిబెల్‌ల సౌండుతోని వారానికి 40 గంటలు, అంతకు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తది. పాళీ చేసిన రోజు చెవి ముందే అలిసి ఉంటది. ఆ రాత్రి దానికి సెలవు ఇచ్చి సుట్టీ రోజు వినండి. మంచి సెట్‌కు గుర్తు ఏందంటే, తక్కువ సౌండులో కూడ అన్ని వాయిద్యాలు తెలియాలె. గట్టిగ పెడితేనే బాగున్నదంటే ఆ సెట్‌లో దమ్ము లేనట్టు, లేకుంటే చెవిలో లేనట్టు.

నాలుగోది డీజే. గణపతి నిమజ్జనానికి గోడలెక్క పేర్చిన స్పీకర్ల ముందర ఎగురుతరు. మంచి సౌండు అంటే ప్రాణం అనే పిలగాడు దాని ముందు ఎట్ల నిలబడ్తడో నాకు తెల్వది. 2000 సంవత్సరం శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాక లౌడ్‌స్పీకర్ బందు. ఇండ్లు ఉన్న చోట పగలు 55, రాత్రి 45 మించొద్దు. ఎవరు వింటున్నరు? మీరన్న దూరం నిలబడండి, జేబులో బిరడా ఉంచుకోండి, చిన్న పిల్లలను భుజాల మీద ఎత్తుకొని స్పీకర్ దగ్గరికి తీస్కపోకండి.

కార్ఖానదారులకు కూడ ఒక మాట. శబ్దం వల్ల వచ్చే చెవుడును 1948 ఫ్యాక్టరీ చట్టం మూడో షెడ్యూల్‌లోనే జబ్బు అని పేరు పెట్టి రాసిన్రు. అది తలరాత కాదు, వయసు కాదు, పని తెచ్చిన జబ్బు. చిన్న షెడ్డు అని చట్టం తప్పించుకున్నా, మనిషికి ఒక జత బిరడాలు ఇస్తే షెడ్డు మునిగిపోదు. ఈఎస్ఐ కార్డు ఉన్నోళ్లు చెవి పరీక్ష అడిగి చేయించుకోండి. ఆ కాయితం ఇంట్ల భద్రంగ పెట్టుకోండి.

ఇగ చెల్లె, నీకు. పైసల సంగతికి రెండు కట్టుబాట్లు పెట్టు, చాలు. షోకుకు అప్పు చేయొద్దు, సేటు దగ్గర ఉచల్ అసలే తీసుకోవద్దు. ఉచల్ తీసుకుంటే పాట వినే టైము కూడ సేటుదే అయితది. భిశీ కట్టుకొని, ఏడాదికి ఒక్క సామాను. కొత్తది కావాలంటే పాతది అమ్మినంకనే. ఇంకో సంగతి కనిపెట్టి చూడు: వాడు పాట వింటున్నడా, పెట్టెను వింటున్నడా? నెలకో డబ్బా మార్చుకుంట, ఒక్క పాట కూడ చివరి దాక విననోనికి అది షోకు కాదు, దుకాణం రోగం. పాట మొత్తం కూసొని విని, ‘‘అమ్మా, ఎనుక వీణ ఉన్నది, ఇన్ని రోజులు తెల్వనే లేదు’’ అని పిలిచేటోడైతే, వాని పక్కన ఓ పది నిమిషాలు కూసో. ఇంట్ల కూసొని పాట వినే కొడుకు ఉండుట చిన్న సంగతి కాదు.

బిడ్డలకు చివరగ ఒక పని అప్పజెప్తున్న. మీ దగ్గర ఇప్పుడు మంచి చెవి, మంచి సామాను రెండూ ఉన్నయి. మన ఇండ్లల్ల ఇనుప పెట్టెలల్ల పాత క్యాసెట్లు పడి ఉన్నయి. పెండ్లి పాటలు, బతుకమ్మ పాటలు, మార్కండేయుని రథోత్సవం నాటి భజనలు, పోయినోళ్ల గొంతులు. టేపు ఏటికేడు పాడయితది. ముందు ఒకసారి ఈ కొస నుంచి ఆ కొసకు మెల్లగ తిప్పి, అతుక్కోలేదని చూసుకొని, కంప్యూటర్‌లో ఎక్కించండి. పాడే ముసలమ్మలు ఇంకా ఉన్నరు. చాదర్లు కట్టిన అర్రలో, ఫ్యాన్ బందు చేసి, ఫోను జానెడు దూరంలో పెట్టి పాడించండి. మన పిల్లలు మరాఠీ బడికి పోతున్నరు, ఈ పాటలు ఏ పుస్తకంలో లేవు. పోయినంక ఏ డబ్బా కొన్నా ఆ గొంతులు రావు.

అట్ల ఎక్కించిన పాటలు మీ దగ్గర ఉంటే మన పత్రికకు తెలియజేయండి, ఏ ఇంట్ల ఏమున్నదో వచ్చే సంచికల్లో రాసుకుందాం. వచ్చే నెల కరెంటు బిల్లు చదువుడు ఎట్లనో చెప్తా. ఉంటా మరి. గట్టిగ కాదు, మంచిగ వినండి.